అమ్మక గొంతు

రైన్ నది రేవులో పడవ నడిపే అమ్మకకి దేవతలు అందం ఇవ్వలేదు, గొంతు ఇచ్చారు. ఈ గట్టున కేకేస్తే ఆ గట్టున మేస్తున్న ఆవులు తలెత్తేవి. కొడుకు హల్దావో చిన్నప్పుడు ఎంత దూరాన ఆడుకుంటున్నా ఆ కేక విని జావకి పరుగెత్తుకొచ్చేవాడు. పెద్దయ్యాక మా బతావు తెగ మగపిల్లలందరిలాగే రోము పటాలంలో చేరాడు. ఇనప టోపీ వెనక తన పేరూ, పక్కన చిన్న పడవ బొమ్మా మేకుతో చుక్కలు చుక్కలుగా కొట్టుకున్నాడు. తల్లికి చదువు రాదు, బొమ్మనైనా గుర్తుపడుతుందని.

రోము వాళ్లు ముసలివాళ్లనీ పసివాళ్లనీ కూడా పటాలానికి ఈడ్చుకుపోవడం మొదలుపెట్టేసరికి మావాళ్లు తిరగబడ్డారు. హల్దావో పటాలం మొత్తం మావైపు వచ్చేసింది. వాడు మాత్రం రాలేదు. దారిలో ఎక్కడో పోయుంటాడన్నారు. కొడుకు ఉసురు రోముకి తగలాలని అమ్మక శాపనార్థాలు పెట్టింది.

మావాళ్లు రోము కోటను చుట్టుముట్టారు. యుద్ధంలో మగవాళ్ల వెనక ఆడవాళ్లు వరసకట్టి కేకలేయడం మా ఆచారం, వెనకడుగు వేసేవాడికి సిగ్గు రావాలని. అందరి గొంతుల మీదా అమ్మక గొంతే. లోపలివాళ్లకి ఒక్క గింజ దొరక్కూడదని, మాడి చావాలని చలికాలమంతా అరిచింది. ఊరు మెచ్చుకుంది. ఊరిదేం పోయింది?

చలి తగ్గాక కోట లొంగింది. చెల్లెలి కొడుకు ఫ్రెయో ఒక ఇనప టోపీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అమ్మక పడవ బొమ్మను వేలితో తడిమింది.

"కోటలో దొరికింది పెద్దమ్మా."

పట్టుబడ్డవాడొకడు అంతా చెప్పాడట. పటాలం కోట విడిచిన రోజున హల్దావో జ్వరంతో లోపల పడి ఉన్నాడు, ఆ హడావిడిలో ఎవరూ చూసుకోలేదు. తరువాత తలుపులు మూసేశారు. అవి మళ్లీ తెరుచుకోవడానికి మూడు రోజుల ముందు ఆకలితో పోయాడు.

అమ్మక టోపీని తిప్పి చూసింది. లోపలి అంచు పొడుగునా కత్తి గీతలు.

"లోపల కుట్టే తోలు ఏదిరా?"

ఫ్రెయో తలొంచుకున్నాడు. "ఉడకబెట్టుకుని తిన్నాడు."

ఆమె టోపీని ఒళ్లో పెట్టుకుని అడిగింది. "నా గొంతు వాడికి వినబడి ఉంటుందంటావా?"

"ఆ గోలలో ఎవరి గొంతని తెలుస్తుంది పెద్దమ్మా."

పాపం, ఫ్రెయోకి అబద్ధమాడటం కూడా రాదు. ఆ గొంతు తెలియనివాడు ఈ గట్టున ఎవడున్నాడు?

మాలో పటాలం కొలువు ముగించి ఇంటికొచ్చినవాడు తన టోపీని నదికి ఇచ్చుకోవాలి. చచ్చినవాడిది, అందులోనూ రోము కోటలో చచ్చినవాడిది ఇస్తే పెద్దలు ఊరుకోరని ఫ్రెయో గొణిగాడు. ఆమె పట్టించుకోలేదు. బార్లీ జావ కాచి టోపీ నిండా పోసి పడవెక్కింది. ఫ్రెయో తెడ్డు వేశాడు.

నది నడుమ నెమ్మదిగా అన్నాడు. "ఖాళీది ఇవ్వాలి పెద్దమ్మా."

"మళ్లీ ఆకలితోనే పంపమంటావా?"

రెండు చేతులతో దాన్ని నీళ్లలోకి దించింది.

ఆ తరువాత అమ్మక పద్నాలుగేళ్లు బతికింది. పడవ మానలేదు. జనాన్ని పిలవాలంటే మాత్రం రేవులో వేలాడదీసిన ఇనప రేకును కర్రతో కొట్టేది.