రెండిళ్ళకు ఒకే బల్బు

మదనపల్లెలో మా ఇంటి ఫ్రిజ్ తలుపు మీద, మామిడిపండు ఆకారంలో ఉన్న అయస్కాంతం కింద, ఈ నెల ఒకటో తారీకు నుంచి ఒక కాగితం వేలాడుతోంది. మా కోడలు లత రాసిన జాబితా అది: పాలు, నీళ్ళ క్యాను, కరెంటు, కేబులు, నాలుగు ఫోన్ల రీచార్జి, ఎవరూ చూడని సినిమా యాప్‌లు మూడు, న్యూస్ పేపరు. సగం వాటి మీద ఎర్రగీతలు. ఇలా మిగిల్చిన డబ్బు నెలనెలా ఏదో ఫండులోకి దానంతటదే పోతుందట. డబ్బు దానంతటదే పోవడమేమిటో నాకు అర్థం కాలేదు. ఆ యాప్‌ల డబ్బు కూడా మూడేళ్ళుగా దానంతటదే పోతూ ఉంటే ఎవరూ చూసుకోలేదట! ఇంట్లో దొంగ దూరితే వీధంతా వినబడేలా అరుస్తాం, ఫోన్లో దూరినవాడికి మాత్రం నెలనెలా వాయనం ఇచ్చుకున్నాం, ఇదేం న్యాయమని గట్టిగానే అడిగాను.

"గమ్మునుండు మామా, యాల అట్ల అరుస్తావు? తీసేస్తాండాను గదా," అంది లత. అని ఊరుకోలేదు. "నువ్వు మాత్రం? ఈడ లైటెలగతా ఉండాది, ఆడ కూసోని కత సెప్తాండావు," అంటూ స్విచ్చి టప్పున ఆర్పేసింది.

ఆ చప్పుడుకు నా కోపం ఎటుపోయిందో పోయింది. పుంగనూరు గుర్తొచ్చింది.

పుంగనూరులో మాది బెల్లం మండీల వెనక సందు. ఆరిళ్ళు ఒకే పెంకుల కప్పు కింద వరసగా ఉండేవి, ఇంటికీ ఇంటికీ మధ్య ఒక్క మట్టిగోడే అడ్డం. మా నాయన మండీలో బెల్లం తూకం వేసేవాడు. సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే ఇంటినిండా పాకం వాసన, ఆ వాసన వెంట రెండు మూడు కందిరీగలు. పంచె అంచుకు బంక అంటి చీమలు పట్టేవి గనుక అమ్మ దాన్ని లోపలి దండెం మీద వేయనిచ్చేది కాదు, బయటి రాతిమీదే పడేయమనేది. చలికాలంలో గానుగల దిక్కు నుంచి తియ్యటి పొగ, ఎండాకాలంలో మండీ ముందు కొట్టే చింతపండు పులుపు, వానలు మొదలైతే తడిసిన గోనెసంచుల కంపు, కళ్ళు మూసుకుని కూడా అది ఏ నెలో చెప్పగలిగేవాళ్ళం. మేం గోళీలాడుతుంటే ఆడపిల్లలు అరుగు మీద చింతగింజల కుప్పలు పోసి ఊదుకుంటూ ఆడేవాళ్ళు. పక్కింటి జయక్కకు మాత్రం ఆటలకు తీరిక లేదు. రాజమ్మత్త ఒక్కగానొక్క కూతురు ఆమె, నాకంటే ఆరేళ్ళు పెద్దది. బడి నుంచి రాగానే పలక పక్కన పెట్టినంత తేలిగ్గా పుస్తకాల సంచి పక్కన పెట్టి, తల్లితో కూర్చుని మోదుగాకులతో విస్తళ్ళు కుట్టేది.

మా సందులోకి కరెంటు వచ్చిన ఏడు మా ఇంటికి మీటరు పెట్టించుకున్నాం. బిల్లంతా ఒకరి మీదే పడకూడదని అమ్మా, రాజమ్మత్తా కలిసి, ఆ రోజుల్లో మా దిక్కున చాలామంది చేసిన పనే చేశారు. మధ్యగోడకు, పెంకులకు జానెడు కింద, తలకాయ దూరేటంత కంత కొట్టించి, ఆ కంతలో నలభై క్యాండిల్ బల్బు ఒకటి వేలాడదీయించారు. ఇటు సగం వెలుతురు మాది, అటు సగం వాళ్ళది. స్విచ్చి మాత్రం మా గోడకు. తన వంతు బిల్లుకు బదులు రాజమ్మత్త నెలకు రెండు వందల విస్తళ్ళు ఇచ్చేది, అమ్మ వాటిని బస్టాండు దగ్గరి హోటలుకు వేసేది. ఆ కంతలోంచి వెలుతురే కాదు, వాళ్ళ ఉలవచారు తిరగమాత ఘాటు మా ఇంట్లోకి, మా ఊరుబిండి పచ్చడి నూరే చప్పుడు వాళ్ళింట్లోకి, ఇద్దరు తల్లుల ఎకసెక్కాలు రెండు వైపులకూ వచ్చిపోయేవి.

"ఏమే రాజమ్మా, మీ దిక్కే ఎలుగు ఎక్కువుండాదే! బల్బుకేమన్నా మందు పెట్టినావా?"

"నీ మొగం సూడలేక అదే ఇటు తిరిగిందిలే వదినా."

నేను ఐదో తరగతిలో ఉండగా అమ్మకు ఒక పట్టుదల పుట్టింది. జూన్ నాటికి నన్ను మదనపల్లెలో హాస్టలున్న బడిలో చేర్పించాలి. నాయన కూలి దానికి చాలదు. అందుకని ఇంటి ఖర్చుల్ని ఒక్కొక్కటిగా నరుక్కుంటూ వచ్చింది. పాలు ఆగిపోయాయి, కాఫీ పోయి ధనియాల కషాయం వచ్చింది. సబ్బు పోయి కుంకుడుకాయ పిప్పి వచ్చింది, నా కళ్ళు నెలల తరబడి ఎర్రగానే ఉన్నాయి. కట్టెలకు బదులు నూనెమిల్లు నుంచి వేరుశనగ పొట్టు తెచ్చి పొయ్యిలో కూరేది, ఆ పొగకు సంగటిముద్ద కూడా కమురు వాసన కొట్టేది. ఉగాదికి ఓళిగలు, అదే బొబ్బట్లు, చేయలేదు. మండీలో గీకి తెచ్చిన బెల్లాన్ని నీళ్ళలో కరిగించి, అందులో రొట్టెలు ముంచి, ఇవే ఓళిగలనుకోండంది. గంగమ్మ జాతరకు సందంతా మాంసం ఉడుకుతుంటే మేము అంబలి పోసి దండం పెట్టుకుని వచ్చాం, నాయన మాత్రం వచ్చే దారిలో ప్రతి గుమ్మం ముందూ కాస్త నెమ్మదిగా నడిచాడు.

వీటన్నిటికంటే ముందు, జనవరిలోనే, అమ్మ కన్ను బల్బు మీద పడింది. నూనెమిల్లు ఎనిమిది గంటల సైరను కూయగానే ఆర్పేయడమే.

ఆ మార్చిలోనే జయక్కకు ఎస్సెల్సీ పరీక్ష. వాళ్ళ నాయన బస్తాలెత్తి నడుము పోగొట్టుకుని మంచం పట్టిన మనిషి, కూతురు పాసై టీచరమ్మ అయితే చూసి పోతానని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. పగలంతా ఆకులు, నీళ్ళ బిందెలు; ఆ పిల్లకు చదువుకునే వేళ అన్నాలయ్యాకనే. వాళ్ళింట్లో కిరసనాయిలు బుడ్డి ఉండేది గానీ అందులో నూనె ఎప్పుడూ అడుగునే. సైరను కూసేది. అమ్మ చెయ్యి స్విచ్చి మీదికి పోయేది. చీకట్లో కంతలోంచి జయక్క గొంతు వినబడేది.

"అత్తా, ఇంగొక పది నిమిషాలు! ఒగే లెక్క ఉండాది!"

"పొద్దున్నే లేసి సదువుకో తల్లీ. సూర్యుడు బిల్లు పంపడు."

తర్వాత ఆకులు సర్దుకునే గలగల, వాళ్ళ నాయన దగ్గు, అంతే. నా చదువు కోసమే ఆ దీపం ఆరిందని నాకు తెలుసు. దుప్పటి తల మీదికి లాక్కునేవాణ్ణి.

జయక్క లెక్కల్లో తప్పింది. మళ్ళీ కట్టలేదు. ఆ వేసవిలోనే కుప్పం సంబంధం కుదిరి వెళ్ళిపోయింది. నేనేమో కొత్త ట్రంకుపెట్టెతో మదనపల్లె వెళ్ళి, హాస్టలు గోధుమ ఉప్మాకు, ఒంటినిండా పాకిన గజ్జికి తట్టుకోలేక దసరాకు ముందే గోడ దూకి ఇంటికి వచ్చేశాను. కట్టిన డబ్బు వెనక్కి రాలేదు. తర్వాత టమోటా మండీలో పెట్టెలు మోస్తూ, పొట్లాల కాగితాలతో మొదలుపెట్టి దొరికిన పుస్తకమల్లా చదువుకుంటూ నాకు నేనే పంతులునయ్యాను. అయితే ఎంత చదివినా ఒక ముల్లు అలాగే ఉండిపోయింది. నా కోసం ఆర్పిన దీపం వల్లే ఆ అక్క పరీక్ష పోయిందా?

పెళ్ళయి సొంత మీటరు పెట్టించుకున్నాక ఆ ముల్లు మీద ఇంకొకటి గుచ్చుకుంది. బిల్లు కట్టడానికి పోతే కరెంటాఫీసు గుమాస్తా నవ్వాడు. "ఒగే బల్బుకు కనీస చార్జీ దాటదప్పా. పదింటి దాకా ఎలిగించినా అంతే, ఎనిమిదికే ఆర్పినా అంతే." నిలువునా మండిపోయాను. నేరుగా ఇంటికొచ్చి అమ్మను నిలదీశాను: మూడు నెలలు ఆ పిల్లను చీకట్లో కూర్చోబెట్టావే, ఒక్క పైసా అయినా మిగిలిందా అని. అమ్మ వక్కాకు నములుతూ, "మిగిలిందిలే, పోరా," అంది. ఏం మిగిలిందో చెప్పలేదు. చెప్పకుండానే ఆ మరుసటేడు పోయింది.

పోయిన నెల ఒక గృహప్రవేశానికి కుప్పం వెళ్ళినవాణ్ణి, ధైర్యం చేసి జయక్కను వెతుక్కుంటూ పోయాను. స్టేషన్ దగ్గర ఆమెది పెద్ద మెస్సు. గల్లాపెట్టె ముందు కూర్చుని ఉంది. జుట్టు తెల్లబడింది గానీ గొంతు అదే గొంతు. కూర్చోబెట్టి సంగటి, పప్పు వడ్డింపించింది. అరవై ఏళ్ళుగా దాచుకున్న మాట, క్షమించమని, అప్పుడే అడిగేశాను. ఆమె పగలబడి నవ్వింది.

"ముసిలోడివైనావు, బుద్ధి రాలేదే నీకు! ఎనిమిదికే ఆర్పెయ్యి అత్తా అని మీయమ్మ కాళ్ళు పట్టుకునింది నేనే కదరా. ఆకులు కుట్టి సేతులు పుండ్లు. పుస్తకం మూస్తే మా నాయన తిట్లు. లైటు పోతేనే నాకు నిద్ర."

"మరి పది నిమిషాలని అరిసేదానివి గదక్కా?"

"మా నాయన ఇనల్ల గదప్పా!"

ఇంతలో పదిమందితో కలిసి తిన్న ఒకాయన డబ్బు కట్టడానికి వచ్చి నిలబడితే, జయక్క ఎవరెవరికి ఎన్ని ముద్దలు, ఎన్ని గుడ్లు, ఎన్ని మజ్జిగలో నోటితోనే కూడి, కాగితం ముట్టకుండా మొత్తం చెప్పేసింది. లెక్కల్లో తప్పిన మనిషి!

బస్సులో కూర్చున్నాక అనుమానాలు మొదలయ్యాయి. ఆమె నిజమే చెప్పిందా? ముసలివాడి గుండె బరువు దించడానికి అప్పటికప్పుడు కట్టి చెప్పిందా? అన్నేళ్ళుగా ఎవరికేం వడ్డించాలో ఎరిగిన చెయ్యి అది. అమ్మకు చదువు రాదు, కానీ ప్రతినెలా బిల్లు డబ్బు కొంగున ముడేసుకుని తనే పోయి కట్టేది. ప్రతినెలా అంతే మొత్తం కట్టిన మనిషికి దీపం ఆర్పితే ఏమీ మిగలదని తెలియకుండా ఉంటుందా? తెలిసీ ఆర్పిందంటే, ఆ పిల్ల నిద్ర కోసమేనా? నా చదువు ఉత్త సాకేనా? లేక తెలియకనే ఆర్పి, నేను నిలదీసినప్పుడు ఓటమి ఒప్పుకోలేక ఆ మాట అందా? ఒక్కో దారిలో పోతే ఒక్కోటి నిజమనిపిస్తుంది.

మదనపల్లెకు టికెట్టు తీసుకున్నవాణ్ణి పుంగనూరులోనే దిగేశాను. మండీల వెనక సందు పేరుకే ఉంది. పెంకుల వరస లేదు, అరుగులు లేవు, బెల్లం వాసన లేదు, మోదుగాకు విస్తరి అంటే తెలిసినవాళ్ళు లేరు. ఆరిళ్ళ చోట ఒకే బట్టలంగడి, పట్టపగలు కప్పు నిండా తెల్లటి లైట్లు. గుమ్మంలో కూర్చున్న అమ్మాయి లేచి వచ్చింది.

"ఏం కావల్లప్పా? పంచెలైతే ఆ పక్క."

"ఏమీ వద్దు తల్లీ. ఈడ మద్దెలో ఒక గోడ ఉండె. యాడుండెనో సూస్తాండా."

ఆమె కప్పు వైపు చూసింది, నా వైపు చూసింది. "ఏమో తాతా, మేమొచ్చేటికే ఇదంతా ఒగటే హాలు."

చూసుకోమని పక్కకు జరిగింది. గుమ్మం దగ్గర నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. పన్నెండో అడుగు దగ్గర, చీరల బీరువా ముందు, ఇక్కడే అనుకున్నాను. ఇంకో రెండడుగులు వేశాక, కాదు, ఇక్కడేమో అనిపించింది. మళ్ళీ గుమ్మం దగ్గరికి వచ్చి మొదటి నుంచి నడిచాను, ఈసారి బీరువా దాకా పదకొండే వచ్చాయి. నా అడుగులు ఆనాటివి కావు కదా.