ఎండ కోసం అద్దె ఇల్లు

ఉన్న ఇంటికి తాళం వేసి, ఊళ్ళోవాళ్ళ ఇంటికి అద్దె కట్టి మూడు రోజులు ఉండి రావడాన్ని సెలవులంటారని మా అబ్బాయి చెప్పేదాకా నాకు తెలియదు. పోనీ చల్లటి కొండ మీదా అంటే కాదు. ప్రత్తిపాడు దాటాక మిరప చేల మధ్య ఒక పాత పెంకుటిల్లు. ఫోనులో బొమ్మ చూపించాడు. మా పుట్టింటి ఇల్లూ అచ్చం అలాగే ఉండేది. దాన్ని పడగొట్టి డాబా వేసేదాకా మా నాన్నకు నిద్ర పట్టలేదు.

ముందు రానన్నాను. కానీ ఆ బొమ్మలో ఇంటి ముందు పెద్ద వాకిలి, దాని నిండా ఎండ కనిపించాయి. గుంటూరులో మా అపార్టుమెంటు మేడ మీదికి వెళ్ళే తలుపుకు తాళం వేసేశారు, నా మిరపకాయల ఘాటు ఎవరి దుప్పట్లకో పట్టిందని. ఏడాది కారానికి తెచ్చుకున్న కాయలు బస్తాలో మెత్తబడుతున్నాయి. ఇంకొన్నాళ్ళు ఎండ తగలకపోతే బూజు పట్టడం ఖాయం. అందుకని బస్తా కారు డిక్కీలో వేయించి బయలుదేరాను.

తీరా వెళితే వాకిలి ఏదీ? ఆ బొమ్మ పాతదట, ఇప్పుడక్కడ పచ్చిక వేశారు. మిరప పండే ఊళ్ళో, గేదె కూడా మేయని గడ్డిని నీళ్ళు పోసి పెంచుతున్నారు! వంటింట్లో పొయ్యి లేదు. గోడకు మాత్రం చేట తగిలించారు, అందానికట. తడిమి చూస్తే వార్నిషు పూసి ఉంది.

పచ్చిక మధ్య రాళ్ళు పరిచిన దారి ఒకటుంది. దాని మీద పాత చీర పరిచి కాయలు పోశాను. అన్నం తిని వచ్చేసరికి, ఆ ఇల్లు కనిపెట్టుకుని ఉండే మనిషి గొట్టం పట్టుకుని గడ్డి తడుపుతున్నాడు. గడ్డితో పాటు నా కాయలనూ తడిపేశాడు.

"ఏమయ్యా, కళ్ళెక్కడ పెట్టుకున్నావు? కాయలు కనపడట్లా?"

"కనపడినయ్యండీ. డెకరేషన్ అనుకున్నా. పోయినసారి వచ్చినోళ్ళు ఫొటోల కోసం ఇట్టాగే పోయించారు."

మా కోడలు నవ్వింది. "పోనీలెండి అత్తయ్యా, ప్యాకెట్ కారం కొనుక్కుందాం."

చీర కొంగుతో కాయలు తుడుస్తూ కూర్చున్నాను. పక్కింటి రైతు ఇల్లాలు ప్రహరీ మీంచి తొంగి చూసింది.

"ఏందండీ పిన్నిగారూ, గడ్డిలో ఎక్కడన్నా ఎండుతయ్యా? మా డాబా మీదికి తెచ్చుకోండి. పైన ఎండ నిప్పులు చెరుగుతుంది."

మా అబ్బాయి గొణుక్కుంటూనే బస్తా మోశాడు. ఇక మిగిలిన సెలవులన్నీ నేను ఆ డాబా మీద, నీళ్ళ ట్యాంకు నీడలోనే గడిపాను. ఆవిడ కాయలొక పక్క, నావొక పక్క, కలిసిపోకుండా మధ్యలో ఇటుకలు. ఇద్దరం తొడిమలు తీశాం.

"అద్దె కట్టి మరీ ఈ ఊరొచ్చారే, ఇక్కడేం చూద్దామనండీ?" అని అడిగిందావిడ.

"నాకేం తెలుసమ్మా, వాళ్ళనడుగు."

వాళ్ళు అద్దె ఇంట్లో ఏసీ వేసుకుని కిటికీలోంచి చేలు చూస్తున్నారు. మనవరాలు ఒక్కతే పైకొచ్చి నాలుగు తొడిమలు తీసింది. ఆ చేత్తోనే కన్ను నలుపుకుని ఊరంతా వినపడేలా ఏడ్చింది. దానికీ నన్నే అన్నారు.

బయలుదేరే రోజు పొద్దున ఒక కాయ తీసుకుని చెవి దగ్గర ఊపాను. గింజలు గలగలమన్నాయి. తడిసిన వాటిలో కొన్ని తెల్లబారాయి. వాటిని విడిగా మూటగట్టాను. పారేస్తామా?

కారులో అబ్బాయి అడిగాడు, "ఇల్లు బాగుంది కదమ్మా, వచ్చే ఏడూ తీసుకుందామా?"

"తీసుకో. ముందు పక్కింటావిడను అడుగు, డాబా మీద నాకు చోటుంటుందో లేదో."