ఆగ్నేయం గూట్లో ఐదు గిగాహెర్ట్జ్

2023 ఏప్రిల్. మేడ్చల్ బస్ డిపో దగ్గర మొదటి అంతస్తులో మా కంప్యూటర్ దుకాణం. కంప్యూటర్లు బిగించడం, బాగుచేయడం మొదలుపెట్టి అప్పటికి ఇరవై ఏళ్లు. నాకు ఓవర్‌క్లాకింగ్ పిచ్చి ఉందని చుట్టుపక్కల అందరికీ తెలుసు. ప్రాసెసర్‌కి కంపెనీ ఒక వేగం పెట్టి పంపుతుంది. దాన్ని దాటించి పరుగెత్తించడమే ఓవర్‌క్లాకింగ్. వేగం పెంచితే వోల్టేజ్ పెంచాలి, వోల్టేజ్ పెంచితే వేడి పెరుగుతుంది. ఈ మూడింటికీ రాజీ కుదరకపోతే కంప్యూటర్ పని మధ్యలో ఠక్కున ఆగి మళ్లీ మొదలవుతుంది.

ఒక సోమవారం పొద్దున స్రవంతి అనే అమ్మాయి తన కంప్యూటర్ మోసుకుని వచ్చింది. బౌరంపేట్ కోడలు. ఇంకా కట్టని ఇళ్లను కట్టినట్టే వీడియోలో చూపించే పని చేస్తుంది. గుమ్మంలోంచి హాల్లోకి, హాల్లోంచి బాల్కనీలోకి నడిచి వెళ్తున్నట్టు ఉంటుంది కాబట్టి దాన్ని వాక్‌త్రూ అంటారు. ఒక్కో బొమ్మనూ లెక్కగట్టి గీయడాన్ని రెండరింగ్ అంటారు. ప్రాసెసర్‌కి అంతకు మించిన చాకిరీ లేదు.

"అన్నా, గుండ్లపోచంపల్లి కాడ ఒక బిల్డర్ రెండు నిమిషాల వీడియో అడిగిండు. శనివారం సాయంత్రం దాక టైమ్. నచ్చితే ఇంటి కాడి నుంచే పని ఇస్తనన్నడు. గిది కాకపోతే మళ్ల పాత ఆఫీసుకు పోవాలె. పొద్దున ఏడింటికి పోతే రాత్రి ఎనిమిది. పాపకు ఇంకా ఎనిమిది నెలలు నిండలే" అంది.

"ఇప్పుడున్న వేగంతో ఎప్పటికయితది?"

"ఆదివారం మధ్యాహ్నం. గందుకే వచ్చిన."

ఆమె ప్రాసెసర్ వేగం పెంచడానికి వీలున్న రకమే. నాకు పండగలా అనిపించింది. నాలుగున్నర గిగాహెర్ట్జ్ మీద నడుస్తున్నదాన్ని ఐదుకు ఎక్కించాను. కావాలనే బండెడు లెక్కలు చేయించి అలసిపోతుందో లేదో చూసే స్ట్రెస్ టెస్ట్ మూడు గంటలు నడిపాను. ఎక్కడా తొణకలేదు. "రాయి లెక్క ఉన్నది. భయం లేకుంట పట్కపో" అన్నాను.

మంగళవారం మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. నలభై నిమిషాలు నడిచి ఆగిపోయిందట. నా బల్ల మీద పెట్టి గంటసేపు నడిపితే భేషుగ్గా నడిచింది. ఎందుకైనా మంచిదని వోల్టేజ్ కొంచెం పెంచి ఇచ్చాను. బుధవారం మళ్లీ వచ్చింది. ఈసారి ఇరవై ఐదు నిమిషాలకే ఆగిందట. నాకు చిర్రెత్తుకొచ్చింది. పెంచేకొద్దీ ముందే ఎందుకు ఆగుతోందని ఆలోచించాల్సింది పోయి, ఇంకాస్త పెంచాను. పైగా నోరు కూడా జారాను.

"మీ ఇంట్ల కరెంటు సక్కగ లేదమ్మా, దుమ్ము కూడ ఎక్కువనే ఉన్నట్టుంది. నా దగ్గర మంచిగనే నడుస్తాంది కదా, నేనేం జేయాలె?"

ఆమె మొహం ఎర్రబడింది. "యూపీఎస్ పెట్టుకున్న అన్నా. ఆగినప్పుడల్ల పాపను సంకన ఏసుకొని మళ్ల మొదలువెడుతున్న. మా ఇంట్ల కరెంటు తప్పు, మా ఇంట్ల దుమ్ము తప్పు, నీ దుకాణంల మాత్రం ఏ తప్పు ఉండదా? ఒక్కసారి వచ్చి సూస్తే నీ సొమ్మేం పోతది?" కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ కింద పడనివ్వలేదు.

ఆ మాట గట్టిగానే తగిలింది. గురువారం మధ్యాహ్నం షట్టర్ సగం దించి బౌరంపేట్ వెళ్లాను. ఎండ మండిపోతోంది. ఇంట్లో స్రవంతి వాళ్ల మామ నర్సింహారెడ్డి కాక ఎదురొచ్చి చల్లటి నీళ్లిచ్చాడు. ఒకప్పుడు ఎకరాలు దున్నించిన మనిషి, ఇప్పుడు ప్లాట్ల బేరాలు చేస్తాడు. కంప్యూటర్ ఎక్కడుందని అడిగితే గర్వంగా ఒక మూల చూపించాడు.

గోడలో మూడు వైపులా మూసి ఉన్న సిమెంటు గూడు. అందులో కంప్యూటర్ సరిగ్గా ఇమిడిపోయింది. పక్కన ప్లాట్లు వేస్తున్న వెంచర్ల దుమ్ము పడకుండా ముందొక పరదా కూడా వేలాడుతోంది.

"నిప్పు సంబంధం ఉన్నది ఏదైనా ఆగ్నేయంల ఉండాలె. పొయ్యి, మోటారు, మీటరు అన్నీ గట్లనే పెట్టిచ్చిన. గిది కూడ కరెంటుదే కదా!" అన్నాడు కాక.

పరదా వేసే ఉంచి నడపమన్నాను. తెర మీద వేడి అంకెలు చూస్తూ కూర్చున్నాం. డెబ్బై, ఎనభై ఐదు, తొంభై ఏడు. ఇరవయ్యో నిమిషంలో తెర నల్లబడింది. పరదా తీసి గూట్లో చెయ్యి పెడితే ఇడ్లీ గిన్నె మూత తీసినట్టు వేడి కొట్టింది. వెనక ఫ్యాన్ వదిలిన వేడిగాలికి బయటికి దారి లేక, అదే గాలిని ముందు ఫ్యాన్ మళ్లీ లోపలికి లాక్కుంటోంది. ఆ వేడిలో ప్రాసెసర్ ఐదు మీద నిలబడలేదు. నేనేమో ఆగినప్పుడల్లా వోల్టేజ్ పెంచి ఇంకా మంట పెట్టాను. నేను పరీక్షించింది ఏసీ గదిలో, పక్క మూత విప్పేసి, బల్ల మీద. ఎక్కడ పెడతావమ్మా అని ఒక్క మాట అడగలేదు. సిగ్గేసింది.

"తప్పు నాదే చెల్లే" అన్నాను. "కాకా, దీన్ని గూట్ల నుంచి తియ్యాలె."

కాక మొహం ముడుచుకుంది. "ఇల్లు కట్టినప్పటి సంది వాస్తు తప్పలే. గందుకే ఇంటిల్లిపాది సల్లగున్నం. ఇప్పుడు మార్చమంటే ఎట్ల?"

స్రవంతి తల దించుకుని పాపను జో కొడుతోంది. శనివారానికి రెండు రోజులే ఉన్నాయి. నాకు కోపం వచ్చింది గానీ, ఇంకొకరి ఇంట్లో అరిచి లాభం లేదు.

"కాకా, ట్రాక్టర్ దున్నేటప్పుడు రేడియేటర్ ముందట గోనె సంచి కడ్తరా?"

"తిక్కలోడెవడన్న కడ్తడు. ఇంజన్ సీజ్ అయిపోదూ!" అన్నాడు ఠక్కున. అని ఆగాడు. నెమ్మదిగా లేచి వచ్చి తనే గూట్లో చెయ్యి పెట్టాడు. వెంటనే వెనక్కి తీసుకున్నాడు.

"అబ్బో, గింత వేడా! గింత వేడిల ఎట్ల పని జేస్తది?" కాసేపు గూడు వైపూ గది వైపూ చూశాడు. "ఆగ్నేయంల పెట్టుమన్నరు గానీ గూట్లనే పెట్టుమని ఎవ్వలు జెప్పలే. గీ గూడు ముందటున్న జాగ కూడ ఆగ్నేయమే." అంటూనే వరండాలోంచి స్టూలు తనే ఎత్తుకొచ్చి, గూటికి మూడడుగులు ఇవతల వేశాడు. స్రవంతి తలెత్తి మామ వంక చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే.

మిగిలింది నా పని. ఏసీ లేని ఆ గదిలో, ఆ ఎండల్లో ఐదు నిలబడదు. మనసొప్పకపోయినా నాలుగు పాయింట్ ఎనిమిదికి దించాను. వోల్టేజ్ అంతకంటే ఎక్కువ తగ్గించాను. పక్క మూత బిగించి, మధ్యాహ్నమంతా అక్కడే కూర్చుని టెస్ట్ నడిపాను. వేడి ఎనభై దాటలేదు.

"గింతనేనా అన్నా? ఐదు అంటివి!" అంది స్రవంతి.

"ఐదు నా సరదా. గూట్ల ఉన్నన్నాళ్లు వేడికి నాలుగున్నర కూడ పూర్తిగ అందలే. గిది నీకు పనికొచ్చే వేగం. సరిపోతదా లెక్క సూడు."

వేళ్ల మీద లెక్కేసుకుంది. "మధ్యల ఆగినా అప్పటిదాంక అయిన బొమ్మలు పోలే. ఇగ ఆగకుంటే శనివారం మధ్యాహ్నానికి అయితది."

శుక్రవారమంతా నాకు పని మీద ధ్యాసే లేదు. ఫోన్ చేసి అడగడానికి ధైర్యం చాలలేదు. శనివారం మూడు గంటలకు ఫోన్ మోగింది. కాక గొంతు.

"పొద్దుగాల సంది కుర్సీ యేసుకొని దాని ముందే కూసున్న బిడ్డా. ఒక్కసారన్న ఆగితే ఒట్టు! కోడలు వీడియో పంపింది. మస్తుగున్నది, సొంతిల్లు లెక్కనే ఉన్నది."

సోమవారం స్రవంతే చేసింది. పని తనకే వచ్చిందని, పాత ఆఫీసుకు రానని చెప్పేశానని అంది. నేను సంతోషంగా ఏదో అనబోయేలోగా అవతల పాప రాగం అందుకుంది. "ఒక్క నిమిషం అన్నా, ఏడుస్తాంది" అని పెట్టేసింది. మళ్లీ చేయలేదు. చేయకపోయినందుకు నాకు ఇసుమంత కూడా బాధ కలగలేదు.

ఇప్పుడు ఓవర్‌క్లాక్ చేసిన ఏ కంప్యూటర్నయినా మూత బిగించి, ఏసీ లేని వెనక గదిలో మిట్టమధ్యాహ్నం పరీక్షిస్తాను. వేగం ఎంత కావాలని ముందు అడగను. ఎక్కడ పెడతారని అడుగుతాను. ఇది మధ్యలో ఆగిపోతే మీకేం ఆగిపోతుందని కూడా అడుగుతాను. ఆట ఆగిపోతుందని నవ్వేవాళ్లకు ఐదు కాదు, ఇంకా పైకి ఎక్కించడానికైనా రెడీ. ఆ ప్రశ్నకు గడువు తేదీ చెప్పేవాళ్లు కొందరుంటారు. వాళ్లకు మాత్రం రెండు మెట్లు తగ్గించే ఇస్తాను.