బాబు కంటిలో చీలిక

అమీర్‌పేటలో సందుకో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ వెలిసిన రోజులవి. కడుపుతో ఉండి కూడా ఏడో నెల దాకా జావా క్లాసులకు వెళ్ళాను. తీరా బాబు పుట్టాక చూస్తే, ఎడమ కంటిపాప గుండ్రంగా లేదు, కిందికి చీలినట్టుంది.

"కడుపుతోని కంప్యూటర్ ముంగట కూసోకంటే ఇన్నవా బిడ్డా?" అంది అత్తమ్మ. చూడవచ్చిన వాళ్ళందరికీ అదే చెప్పేది. మావారు నోరు మెదిపేవారు కాదు. వినీ వినీ నా ప్రాణం విసిగిపోయింది.

చివరికి అత్తమ్మను కూడా వెంటబెట్టుకుని, పంజాగుట్టలో కంటి డాక్టరమ్మకు చూపించాం. "రెండో నెలలో కన్ను తయారయ్యేటప్పుడు కింద చీలిక ఉంటుందమ్మా. జన్యువులు సరిగ్గా పనిచేస్తే అది మూసుకుపోతుంది. కంప్యూటర్‌కూ దీనికీ సంబంధం లేదు. చూపుకేం ఫరవాలేదు" అంటూ, నా కళ్ళలోనూ మావారి కళ్ళలోనూ చుక్కలు వేసి పరీక్షించింది. మావారి కంటి లోపల, పైకి కనపడని అలాంటి చీలికే ఉంది!

అత్తమ్మ మొహం పాలిపోయింది. "నేను కంప్యూటర్ మొఖం సుత చూడలే. మరి నేనేం తప్పు జేసిన డాక్టరమ్మా?"

అనాలనుకున్నవన్నీ నోటిదాకా వచ్చాయి. ఆమె మొహం చూసి మింగేశాను.

"మీరేం తప్పు చెయ్యలేదు అత్తమ్మా. నేనూ చెయ్యలేదు" అన్నాను.

ఆ రెండో మాట నా బదులు మావారు అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.