నా పన్నెండు గళ్లకు కలుపు తీశారు

గుట్ట ఎక్కుతుండగానే ఏదో తేడాగా అనిపించింది. జ్వరంతో రెండు వారాలు నందిగామలో మంచం పట్టి, ఆ రోజే లేచి బస్సెక్కాను. చెట్ల కింద నేను పాతిన మేకులు, కట్టిన తాళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. తాళ్ల మధ్య మాత్రం ఒక్క మొక్క లేదు. ముగ్గెయ్యడానికి ఊడ్చి పెట్టిన వాకిలిలా నున్నగా ఉంది. పరుగున పక్క గడి చూశాను, ఆ పక్కది చూశాను. పన్నెండు గళ్లూ అంతే.

నేను డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే కాంట్రాక్ట్ లెక్చరర్ని. పీహెచ్‌డీ పూర్తయితేనే వచ్చే ఏడు ఉద్యోగం ఉంటుందన్నారు. అందుకని జగ్గయ్యపేట దగ్గర ఈ సున్నపురాయి గుట్ట మీద, చెట్ల నీడన పెరిగే చిన్న మొక్కల మీద పరిశోధన పెట్టుకున్నాను. తాళ్లతో కట్టిన ఒక్కో గడిలో ఏ మొక్కలు ఎన్ని ఉన్నాయో ఏటా లెక్కపెట్టి రాసుకుంటాను. ఈ రాయి తీరే వేరు. వాన పడితే నీళ్లు పైన నిలవవు, నెర్రెల్లోంచి లోపలికి దిగిపోతాయి. బండ మీద గడ్డిపరక ఉండదు. దాని పక్కనే జానెడు మట్టి ఉన్న నెర్రెలో ఆరేడు రకాలు కిక్కిరిసి ఉంటాయి. నేలవేము ఇక్కడే ఎందుకు, ఉత్తరేణి అక్కడే ఎందుకు? నీడ వల్లా, మట్టి లోతు వల్లా, మేకల వల్లా, క్వారీ లారీల దుమ్ము వల్లా? మొదటి ఏడు వానలు బాగా పడ్డాయి, రెండో ఏడు మొహం చాటేశాయి. ఈ మూడో ఏడు లెక్క కూడా ఉంటేనే ఏది అసలు కారణమో తేలేది.

ఆ లెక్కే ఇప్పుడు లేదు.

కింద పత్తి చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు నన్ను చూసి చేతులూపారు. వాళ్ల ముఠా పెద్దావిడ నవ్వుకుంటూ గుట్టెక్కి వచ్చింది. మూడేళ్లుగా ఎన్ని మధ్యాహ్నాలు తన సద్దిలోంచి నాకు పచ్చడి ముద్ద పెట్టిందో లెక్కలేదు.

"జొరం తగ్గిందా అమ్మా? పుల్లలా అయిపోయారు. మీ పని మేం చేసేసాం, చూసారా?"

"ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని?"

"ఒకళ్లు చెప్పాలా ఏందండీ? మా ముఠాలో ఎవరికన్నా జొరమొస్తే ఆమె సాళ్లు మిగతావాళ్లం పంచుకుని తీస్తాం. లేకపోతే ఆమె ఎనకబడి పోద్ది గదా. మీకు బాగోలేదని మీ బస్సు కండక్టర్ చెప్పాడు. ఆదివారం చర్చిలో మీ కోసం కూడా మోకాళ్లేసాం. మజ్జానం నలుగురం ఎక్కొచ్చి పీకేసాం. వేళ్లతో సహా!"

"పీకినవి ఎక్కడ?"

చెట్టు వెనక కుప్ప చూపించింది. పన్నెండు గళ్లవీ కలిపి పోసి ఉన్నాయి, ఎండిపోయి. కూర్చుని కెలికాను. ఎండినా నేలవేమును పోల్చుకున్నాను, ఉత్తరేణిని పోల్చుకున్నాను. ఏది ఏ గడిలోదో ఆ దేవుడు కూడా చెప్పలేడు. దాంతో నాకు ఒళ్లు మండిపోయింది.

"నా కొంప ముంచారు! మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరు చేశారు. ఆ మొక్కల కోసమే కదా నేను ఇంత దూరం వచ్చేది! ఇప్పుడు నా ఉద్యోగం ఏమవుతుంది?"

ఆవిడ మొహం మాడిపోయింది. కాసేపు కుప్ప వంక చూసింది, నా వంక చూసింది.

"అయ్యో! ఆ మొక్కలు మీకు కావాలా? మూడేళ్ల నుంచీ చూస్తన్నా, గంటలు గంటలు గడి ముందు గొంతుక్కూచుంటారు, ఒక్క మొక్కా పీకరు. సదువుకున్న పిల్ల, పని చేతగాదేమో పాపం అనుకున్నాం."

"అడగొచ్చు కదా ఒక్క మాట!"

"అడిగానమ్మా. మొదటి ఏడు, ఈ బండ మీదే కూచుని అడిగా. ఏం చేస్తన్నారమ్మా అని. చెప్పినా నీకర్థం కాదులే అన్నారు. అర్థం కాదంటే ఇంకేం అడుగుతాం? మళ్లీ అడగలా."

కోపంగా అనలేదు. జరిగింది చెప్పిందంతే. "చెప్పుంటే మేకల్ని కూడా రానిచ్చేవాళ్లం కాదు గదమ్మా," అని కొంగుతో మొహం తుడుచుకుని చేలోకి దిగిపోయింది.

నేనా మాట ఎప్పుడన్నానో నాకు గుర్తు కూడా లేదు. ఆవిడకు మూడేళ్లుగా గుర్తుంది.