వండేసిన ప్రథమఫలం

కలకత్తా భవానీపూర్ వీధులు ఊడ్చి ఊడ్చి ముసలమ్మ కార్పొరేషన్ కొలువు దిగింది గాని, దేవుడి కొలువు దిగలేదు. జీతం అందిన రోజే పదోవంతు, దశమభాగమని తీసి కొంగున ముడేసుకునేది. ఇప్పుడు పింఛనులోంచి తీస్తుంది. అది మనం ఇచ్చేది కాదు, ఆయనది ఆయనకి అప్పజెప్పడం. దానిపైన మనసారా ఇచ్చేది కానుక. గండం గడిచాక ఇచ్చేది కృతజ్ఞతార్పణ. పాదుకి కాసిన తొలికాయ ప్రథమఫలం. దాన్ని మన నోటికంటే ముందు చర్చిలో దేవుడి బల్లకి చేర్చాలి.

కోడలు జ్యోతిరాణి కలకత్తాలోనే పుట్టి బెంగాలీ బడిలో చదివిన పిల్ల. పెళ్ళయి వచ్చి ఇంకా ఏడాది తిరగలేదు.

"అన్నీ చందాలే కదత్తా," అనేది.

"చందా అయితే వొచ్చి అడుగుతారు. ఇది అడక్కుండానే ఇయ్యాల," అనేది ముసలమ్మ.

క్వార్టరు రేకుల మీదికి పాకించిన ఆనపపాదు ఆ ఏడు ఆలస్యంగా కాసింది. తొలిపంట గుడికి తెచ్చే కోతపండగకి ఇంకా వారం ఉందనగా ముసలమ్మ తొలికాయ తొడిమకి ఎర్రగుడ్డ పీలిక కట్టింది. ఇది దేవుడిదని గుర్తు. అలా కట్టిన కాయని ఆ క్వార్టర్లలో ఎవరూ ముట్టరు. పండగ ముందురోజు, శనివారం సాయంత్రం ప్రార్థన కూడిక నుంచి వచ్చి చూస్తే పాదు మీద కాయ లేదు. పొయ్యి దగ్గర తొక్కలున్నాయి.

"ఎర్రగుడ్డ సూడలేదేటే?"

"దిష్టికి కట్టినావనుకున్నానత్తా. గురువులు తాత ఆస్పత్రి నుంచి వొచ్చినాడు. ఏటి పెట్టినా కక్కేస్తన్నాడు. పెసరపప్పేసి కూర వొండి ఇచ్చినాను."

గురువులు ఒకప్పుడు ముసలమ్మతో కలిసి అదే వీధులు ఊడ్చినవాడు. ఇప్పుడు ఒంటరివాడు. ముసలమ్మ గడప మీద కూలబడింది. కాపురానికి వచ్చిన నాటినుంచి కోతపండగకి వట్టి చేతులతో వెళ్ళి ఎరగదు.

"జదుబాబు బజార్లో మంచిది కొనుక్కొచ్చేస్తాను," అంది జ్యోతిరాణి బెదురుగా.

"కొన్నది ప్రథమఫలం అవదమ్మా." పొయ్యి దగ్గరి తొక్కల వైపు చూసి, "తాత తిన్నాడా?" అని అడిగింది.

"రెండుమార్లు ఏయించుకున్నాడు. కక్కలేదు."

ముసలమ్మ ముఖం తేటపడింది. "మిగిలిందా?"

"సగం ఉంది."

"ఫ్రిజ్‌లో పెట్టు. రేపు గుడికి నువ్వే పట్టుకెల్లాల."

"అందరూ నవ్వుతారత్తా."

"నవ్వనీ. రోగిష్టోడు ముందు తిన్నాడని దేవుడు అలగడు. తప్పు జరిగిందని దాచేస్తే అలుగుతాడు."

మర్నాడు గుడిలో బల్ల మీద గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్ళు కట్టిన కోడిపెట్ట. వాటి పక్కన జ్యోతిరాణి స్టీలుగిన్నె పెట్టింది. పాస్టరు ఇమ్మానుయేలు మూత తీసి చూశాడు.

"ఇదేంటమ్మా?"

"ప్రథమఫలం అయ్యగారూ. తెలీక కోసి వొండేసినాను. జబ్బుతో ఉన్నాడని గురువులు తాతకి ముందు పెట్టేసినాను."

వెనక బెంచీల్లో నవ్వులు లేచాయి. జ్యోతిరాణి తలెత్తలేదు. ఇమ్మానుయేలు మాత్రం గిన్నెని రెండు చేతులా పైకెత్తాడు. గుమ్మడికాయకి చేసిన ప్రార్థనే, ఒక్క మాటయినా తగ్గించకుండా, దానికీ చేశాడు. నవ్వినవాళ్ళే గట్టిగా ఆమేన్ అన్నారు.

ఆరాధన అయ్యాక, ఏటా చేసినట్టే, బల్ల మీదివి వేలం వేశారు. వచ్చిన సొమ్ము గుడి ఖర్చులకి. వేలంపాట పాడించే సునీల్‌కుమార్ గిన్నె ఎత్తాడు.

"ఉడికిన ఆనపకాయ. వొండక్కర్లేదు, మసాలా నూరక్కర్లేదు. పాట ఎవరిది?"

గుమ్మం దగ్గర, మంకీటోపీలోంచి గురువులు గొంతు లేచింది. "నాదే. సగం తినేసినోణ్ణి, మిగతా సగం ఇంకోడికి పోనిస్తానేటి?"

"తిన్న సగానికీ పాట కట్టాల తాతా."

"కడతాన్రా. అది దేవుడిదని అప్పుడు తెలీదు. తెలిస్తే ఇంకొంచెం ఏయించుకుందును."

గుడంతా నవ్వింది. జ్యోతిరాణి కూడా నవ్వుతూనే గిన్నె తీసుకెళ్ళి తాత చేతిలో పెట్టింది.

పక్కనున్న ఆవిడ ముసలమ్మ వైపు వంగింది. "ఈ ఏడు నువ్వేటీ తేనేదేటి?"

"మా ఇంటిది మా కోడలు తెచ్చింది," అంది ముసలమ్మ, చుట్టుపక్కల వాళ్ళకి కూడా వినబడేలా.