గోబర్ గ్యాసు డ్రమ్ము మీద మా అత్తగారు

కట్టెల పొగకి నా కళ్లు పోయేలా ఉన్నాయి మొర్రో అన్నా మా అత్తగారు వినలేదు. భిలాయిలో ఆవిడ అల్లుడు పెరట్లో గోబర్ గ్యాసు కట్టించారట, మనమూ కట్టిద్దామన్నాను. "ఆ పేడ మంట మీద కాసిన కాఫీ నాను తాగి సూత్తాను. వాసనేత్తే మరా మాటెత్తకు," అన్నారు. అంతే, మూటాముల్లే సర్దేశాను!

సాయంత్రం విజయనగరంలో రాయపూర్ పాసింజరు ఎక్కాం. కిటికీ పక్క చోటు కావాలంటే ముందే వెళ్లండి. పార్వతీపురం రాకుండానే పులిహోర ఖాళీ. మేం వెళ్లే పని వినగానే ఎదురుగా కూచున్న రైల్వే గార్డు భార్య మేరీగారు, "పేడలోంచి మంటేటమ్మా, ఇడ్డూరం!" అని ఒకటే నవ్వు.

తెల్లారాక రాయపూర్‌లో బండి మారి భిలాయిలో దిగాం. సుపేలా బజారు మీదుగా వాళ్లుండే మరోదా పేటకి రిక్షా. బేరం ముందే ఆడుకోండి, కూచోండక్కా అంటూ "బైఠియే దీదీ" అన్న తియ్యటి పిలుపుకి పడిపోకండి.

మా ఆడపడుచు రవణమ్మ పెరట్లో పేడనీళ్ల గొయ్యి, దానిమీద బోర్లించిన ఇనప డ్రమ్ము, అందులోంచి వంటింటికి గొట్టం. ఆవిడ భర్త, ఫ్యాక్టరీలో ఇనుము కరిగించే మనిషి, దర్జాగా అగ్గిపుల్ల గీశారు. నీలం మంట మినుకుమంది. గిన్నెలో నీళ్లు ఉలకవు, పలకవు. అత్తగారు కొంగు దులుపుకుని లేచారు.

డ్రమ్ము మీద బరువు చాలలేదట. బరువుకని పెట్టిన రాళ్లు పక్కింటివాళ్లు పట్టుకెళ్లారట. రవణమ్మ పెళ్లయిన నాటినుంచీ ఆ అత్తా అల్లుడూ నేరుగా మాట్లాడుకోలేదు, మావైపు మర్యాద అది. అందుకని ఆయన గోడవైపు తిరిగి పెళ్లాంతో అన్నారు: "మీ అమ్మగారిని డ్రమ్ము మీద కాసేపు కూచోమను."

మా అత్తగారు మంచి పుష్టిగల మనిషి. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. అల్లుడి మాట కాదనలేక ఆవిడ చెక్క వేయించుకుని ఎక్కి కూచున్నారు. డ్రమ్ము కిందికి దిగింది, వంటింట్లో మంట భగ్గుమంది! నీళ్లు కళపెళలాడుతుంటే నేను గంతులేశాను.

"మంటొచ్చిందేటి బాబూ?" పెరట్లోంచి అత్తగారి కేక. అల్లుడితో ఆవిడ మాట్లాడిన మొదటి మాట!

"వచ్చిందత్తయ్యా, దిగకండి!" అని ఆయనా కేకేశారు.

కాఫీ డ్రమ్ము దగ్గరికే పట్టుకెళ్లాం. ఆవిడ వాసన చూసి, గుటకేసి, "కాఫీ వాసనే," అన్నారు నిష్ఠూరంగా.

తిరుగు బండిలో టికెట్టు కలెక్టరు మొదలు పల్లీలమ్మేవాడి దాకా అందరికీ "నాను కూకుంటే మంట లెగిసింది" అని చెప్పారు. మరి మనమూ కట్టిస్తామా అని అడగడానికి నాకు భయం. విజయనగరం వస్తుండగా ఆవిడే నా చెయ్యి గిల్లారు.

"ఒలే, మన పెరట్లో డ్రమ్ము మీద నాకో పీట ఏయించు. ఎండ తగలకుండా పైన పందిరి కూడాను."